ఆ ఫైలు ఎవరిది?

కొత్తగా ఒక వీపీఎనో, నెట్‌వర్క్ టూలో వేసుకున్నాం. మర్నాడు కంప్యూటర్ తెరిస్తే ఫలానా ఫైలు లేదంటోంది. ఫార్మాట్ కొట్టించే ముందు, ఎక్కడినుంచో ఆ ఫైలు దించుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

తెర మధ్యలో చిన్న పెట్టె. ఎర్రటి గుండ్రంలో ఇంటూ గుర్తు. పక్కన రెండు వాక్యాలు: డబ్ల్యూపీక్యాప్.డీఎల్‌ఎల్ దొరకలేదు కాబట్టి ఈ ప్రోగ్రామ్ నడవదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరికావచ్చు. కింద ‘ఓకే’ అనే ఒకే ఒక్క బటన్. నొక్కితే పెట్టె పోతుంది. సమస్య పోదు.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు కోచింగ్‌లో చేరి, హాస్టల్ గదిలో ప్రాక్టీసు కోసం జీఎన్‌ఎస్3, వైర్‌షార్క్ అనే నెట్‌వర్క్ టూల్స్ వేసుకున్న కుర్రాడికి ఇది ఎదురవుతుంది. ఆఫీసు వీపీఎన్ పెట్టుకుని ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి ఇంకో ఫైలు పేరుతో ఎదురవుతుంది. క్లయింటు సర్వర్‌కు కలవడానికి ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కనెక్షన్ సాఫ్ట్‌వేర్ వేసుకున్న అకౌంటెంటుకు ఒక్కోసారి పెట్టె కూడా రాదు. వైఫై గుర్తే మాయమవుతుంది.

పెట్టె వచ్చినవాళ్లు ఆ తర్వాత చేసేది దాదాపు ఒకటే. ఫైలు పేరును గూగుల్‌లో కొడతారు. డీఎల్‌ఎల్ ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే సైట్లు వరసగా కనిపిస్తాయి. దించుకుని, ఏ వీడియోలోనో చెప్పిన ఫోల్డర్‌లో వేసి, మళ్లీ ప్రయత్నిస్తారు. ఈసారి ఇంకో ఫైలు లేదంటుంది. విసిగిపోయాక మెషీన్ రిపేర్ షాపుకు చేరుతుంది. అక్కడ వినిపించే మాట కంప్యూటర్ వాడే తెలుగువాళ్లందరికీ ఎరుకే: ‘ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి.’ పాప పుట్టినరోజు ఫొటోలు, ట్యాలీ డేటా, రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టు అన్నీ డెస్క్‌టాప్ మీదే, అంటే సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. షాపువాళ్లు అడగరు, తెచ్చినవాళ్లకు చెప్పాలని తోచదు. సాయంత్రానికి మెషీన్ కొత్తదానిలా తయారవుతుంది. అవి మాత్రం ఉండవు.

ఈ కథనం రాయడానికి ఆ నష్టమే కారణం. ఈ తరహా లోపాల్లో చాలావాటికి ఫార్మాట్ అక్కర్లేదు. పెట్టెలో కనిపించే ఫైలు పేరు, దాన్ని మెషీన్‌లోకి ఎవరు తెచ్చారో చెప్పే ఆనవాలు. ఆ సొంతదారును కనుక్కుని, వాళ్ల ఇన్‌స్టాలర్ చేతే ఫైలును మళ్లీ పెట్టించాలి. లేదా ఆ ఫైలు కావాలని ఇంకా అడుగుతున్న ప్రోగ్రామును పూర్తిగా సాగనంపాలి. మరమ్మతులో ఎక్కువ భాగం ఈ రెండు పనుల్లోనే తేలిపోతుంది. మధ్యలో ఫైలును మనం చేత్తో తెచ్చి పెట్టే పని ఎక్కడా లేదు.

పేరు చెప్పే సంగతి

డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఉన్న ఫైలు. ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ తానే రాసుకోదు. నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టుకోవడం, విండోలు గీయడం, లెక్కలు కట్టడం లాంటివాటికి సిద్ధంగా ఉన్న కోడ్‌ను పిలుస్తుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు విండోస్ ఆ ఫైలు కోసం మామూలుగా ముందు ఆ ప్రోగ్రామ్ సొంత ఫోల్డర్‌లో చూస్తుంది. తర్వాత సిస్టమ్32లో, ఆపైన విండోస్ ఫోల్డర్‌లో, చివరికి ‘పాత్’ అనే జాబితాలో రాసి ఉన్న ఫోల్డర్లలో వెతుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే ఆ పెట్టె వస్తుంది. కాబట్టి ఫైలు మెషీన్‌లో మరెక్కడో భద్రంగా ఉన్నా, వెతికే దారిలో లేకపోతే విండోస్ లెక్కలో అది లేనట్టే.

అమీర్‌పేట కుర్రాడి విషయంలో తరచుగా జరిగేది ఇదే. డబ్ల్యూపీక్యాప్.డీఎల్‌ఎల్, ప్యాకెట్.డీఎల్‌ఎల్ అనే రెండు ఫైళ్లు విండోస్‌వి కావు. ఇటలీలోని తురిన్ పాలిటెక్నిక్‌లో పుట్టిన విన్‌పీక్యాప్ అనే ప్యాకేజీవి. నెట్‌వర్క్ కార్డు గుండా వెళ్లే ప్యాకెట్లను చదవాలంటే ఏళ్ల తరబడి విండోస్ మీద అదే దిక్కు. 2013లో వచ్చిన 4.1.3తో దాని విడుదలలు ఆగిపోయాయి. దాని స్థానంలో ఎన్‌మ్యాప్ ప్రాజెక్టువాళ్ల ఎన్‌పీక్యాప్ వచ్చింది. వైర్‌షార్క్ కూడా దానికే మారింది. ఎన్‌పీక్యాప్ తన ఫైళ్లను సిస్టమ్32 లోపల ఎన్‌పీక్యాప్ అనే సొంత ఫోల్డర్‌లో పెడుతుంది. పాత విన్‌పీక్యాప్ కోసం రాసిన ప్రోగ్రాములు మాత్రం నేరుగా సిస్టమ్32లోనే వెతుకుతాయి. ఫైలు ఒక గడప లోపల ఉంటుంది, వెతికేవాడు గడప బయటే ఆగి లేదంటాడు.

దీనికి మందు ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. ఎన్‌పీక్యాప్ వేసేటప్పుడు విన్‌పీక్యాప్‌తో పొత్తు కుదిరే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగే గడి ఒకటి కనిపిస్తుంది. అక్కడ టిక్ ఉంటే ఫైళ్లు సిస్టమ్32లోకి కూడా చేరతాయి. పాత విన్‌పీక్యాప్ మెషీన్‌లో మిగిలి ఉంటే ముందు దాన్ని తీసేసి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే ఎన్‌పీక్యాప్ వేయాలి. అరగంట కూడా పట్టని పని. దీనికోసం ఫార్మాట్ కొట్టించుకుని ల్యాబ్ ఫైళ్లన్నీ పోగొట్టుకున్న విద్యార్థుల గురించి వింటే బాధ కలుగుతుంది. నెట్‌వర్కింగ్ నేర్పే చోట మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఇది.

ఇంకో కుటుంబం ఉంది. వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 అనే పేర్లు కనిపిస్తే అవి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రన్‌టైమ్ ఫైళ్లు. వీపీఎన్ క్లయింట్లు, డౌన్‌లోడ్ మేనేజర్లు, రూటర్ సెటప్ టూల్స్ ఇలా లెక్కలేనన్ని ప్రోగ్రాములు వాటి మీద నడుస్తాయి. మంచి ఇన్‌స్టాలర్ ఆ ప్యాకేజీని వెంట తెచ్చుకుంటుంది. బద్ధకస్తుడైన ఇన్‌స్టాలర్ అది ఎలాగూ ఉంటుందిలే అనుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీని ఉచితంగా తెచ్చుకోవచ్చు. 64 బిట్ విండోస్ అయినా ఎక్స్86, ఎక్స్64 రెండూ వేసుకోవాలి. 32 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ ఫైలే కావాలి మరి. పేరు ‘ఏపీఐ ఎంఎస్ విన్ సీఆర్‌టీ’తో మొదలై చాంతాడంత పొడుగుంటే అది యూనివర్సల్ సీ రన్‌టైమ్. విండోస్ 10 నుంచి అది విండోస్‌లోనే భాగం. పాత విండోస్ 7 మెషీన్లలో అప్‌డేట్‌గా రావాలి. అప్‌డేట్లు ఆపేసిన మెషీన్లలో అది లేక పెట్టె వస్తుంది.

ఈ 32, 64 బిట్ల తకరారు విడిగా చెప్పుకోవాలి. 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లు ఉండే ఫోల్డర్ పేరు సిస్టమ్32. 32 బిట్ ఫైళ్లు ఉండేవి సిస్‌వావ్64లో. పేర్లు చూస్తే తలకిందులుగా ఉన్నాయనిపిస్తుంది. పాత ప్రోగ్రాములు తడబడకూడదని సిస్టమ్32 పేరు అలాగే ఉంచారు. దించుకున్న ఫైలును చేత్తో పెట్టేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపడతారు. అప్పుడు ఫైలు లేదనే పెట్టె పోయి, అప్లికేషన్ సరిగ్గా మొదలుకాలేదంటూ 7బీతో ముగిసే ఒక కోడ్ వస్తుంది. ఉన్న చిక్కు పోకుండానే దాని మీద మరో చిక్కు.

మరి సిస్టమ్32లో ఉన్న విండోస్ సొంత ఫైలే పోతే? ఒకప్పుడు అది మామూలే. 2000లో వచ్చిన విండోస్ 2000 నుంచి ముఖ్యమైన ఫైళ్లకు కాపలా మొదలైంది. విస్టా వచ్చాక ఆ ఫైళ్ల యాజమాన్యాన్ని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసుకు అప్పగించారు. అడ్మినిస్ట్రేటర్ కూడా వాటిని సులభంగా చెరపలేడు. కాబట్టి ఈరోజు కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక ఏదో ఫైలు లేదంటే, అది విండోస్‌ది కాకుండా ఇంకెవరిదో అయ్యే అవకాశమే హెచ్చు. ‘ఓఎస్ పోయింది’ అని తేల్చేముందు షాపులో ఆలోచించాల్సిన విషయం ఇది.

కాలువ మీద తూము

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ పాడైతే ఫొటోలు దిద్దడం ఒక్కటే ఆగుతుంది. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఊరి కాలువకు అడ్డంగా ఎవరో సొంత తూము కట్టుకున్నారనుకోండి. నీళ్లన్నీ దాని గుండానే పోతాయి. వాళ్లు ఊరు విడిచిపోతూ తలుపు ఎత్తే చక్రాన్ని పట్టుకుపోతే, దిగిపోయిన తలుపు అక్కడే ఉంటుంది, దిగువ చేలన్నీ ఎండుతాయి. వీపీఎన్, ఫైర్‌వాల్, ప్యాకెట్లు పట్టే టూలు, నెట్ వేగం పెంచుతామనే ప్రోగ్రాము, పిల్లల బ్రౌజింగ్‌కు హద్దులు పెట్టే సాఫ్ట్‌వేర్ వగైరాలు ఇలాంటి తూములే. ఫిల్టర్ డ్రైవర్‌గానో, ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డుగానో విండోస్ కెర్నెల్‌లో చోటు చేసుకుంటాయి. పేరు విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో నమోదవుతుంది. ఫైలు పోయి నమోదు మిగిలితే, లేని ఫైలును విండోస్ ప్రతిసారీ పిలుస్తూనే ఉంటుంది.

ఇది ఇప్పటి గొడవ కాదు. విండోస్ 3.1లో ఇంటర్నెట్‌కు కావలసిన టీసీపీ/ఐపీ లేదు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు చెందిన పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్ లాంటివి తెచ్చి కలుపుకోవాల్సి వచ్చేది. ఒక్కో కంపెనీ విన్‌సాక్.డీఎల్‌ఎల్ అనే ఒకే పేరుతో తన సొంత ఫైలు పంపేది. ఒకరిది వేస్తే ఇంకొకరిది చెడేది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. విండోస్ 95 కూడా ఆ నెలలోనే వచ్చింది. డయల్ అప్ మోడెమ్ కూత విన్న తరానికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

విండోస్ 95, 98 మెషీన్లలో నల్లటి తెర మీద ఒక సందేశం వచ్చేది. విండోస్‌కో, ఏదైనా అప్లికేషన్‌కో కావలసిన డివైస్ ఫైలు దొరకలేదు, రిజిస్ట్రీలోనో సిస్టమ్ ఐఎన్‌ఐలోనో దాని పేరుంది, ఫైలు మాత్రం లేదు అని. కింద వీనెట్‌సప్, వీరెడిర్ లాంటి వీఎక్స్‌డీ ఫైలు పేరు. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ భాగాలను తీసేసి మళ్లీ కలిపితే అది తరచుగా పోయేది. ఆ సందేశాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. అందులో ఇంకో రెండు వాక్యాలు ఉండేవి. ఫైలును కావాలనే తీసేసి ఉంటే, దానికి చెందిన అప్లికేషన్‌ను దాని అన్‌ఇన్‌స్టాల్ ప్రోగ్రాముతోనే తొలగించమని ఒకటి. ఆ అప్లికేషన్ ఇంకా కావాలనుకుంటే దాన్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మరొకటి. పాతికేళ్ల కిందటి ఆ నల్ల తెర రెండు దారులూ చెప్పింది. ఇప్పటి పెట్టె ఒక్క దారి చెప్పి ఊరుకుంటోంది. ఆ దారి కూడా ఎక్కువమంది చదవరు, ఫైలు పేరు దగ్గరే చూపు ఆగిపోతుంది.

తర్వాతి ఘట్టం మరీ దారుణం. విన్‌సాక్‌లోకి ఎవరైనా తమ డీఎల్‌ఎల్‌ను గొలుసులో ఒక లంకెగా చేర్చుకునే వీలుండేది. ఎల్‌ఎస్‌పీ అని దాని పేరు. 2001లో వచ్చిన న్యూ.నెట్ అనే సంస్థ ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ గుర్తింపు లేని డొమైన్ పేర్లు అమ్మేది. వాటిని తెరవాలంటే మెషీన్‌లో దాని లంకె ఉండాలి. అది వేరే ఉచిత సాఫ్ట్‌వేర్ల తోకపట్టుకుని మెషీన్లలోకి చేరేది. అదేమిటో తెలియక ఫైలును చెరిపేస్తే గొలుసు తెగి ఇంటర్నెట్ మొత్తం నిలిచిపోయేది. తెగిన గొలుసును అతకడానికి ఎల్‌ఎస్‌పీ ఫిక్స్ అనే చిన్న ఉచిత టూలు ఫ్లాపీల్లో చేతులు మారింది. నెట్ లేని మెషీన్‌కు నెట్ నుంచి మందు తేలేం కదా. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ‘నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్’ అనే ఆదేశం వచ్చాక ఆ బాధ తగ్గింది. ఆ ఆదేశం ఇప్పటికీ విండోస్ 11లో పనిచేస్తుంది.

2015లో విండోస్ 10 ఉచితంగా వచ్చినప్పుడు ఈ కథే కొత్త రూపం ఎత్తింది. అప్‌గ్రేడ్ అయిన కొన్ని మెషీన్లలో వైఫై, కేబుల్ రెండూ పనిచేయలేదు. మైక్రోసాఫ్ట్ ఆరా తీస్తే మూలం పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో తేలింది. సిస్కో పాత వీపీఎన్ క్లయింట్ లాంటివి డిటర్మినిస్టిక్ నెట్‌వర్క్ ఎన్‌హాన్సర్ అనే ఫిల్టర్ డ్రైవర్‌ను వాడేవి. ఆ ఫిల్టర్ కొత్త విండోస్‌లోకి సరిగ్గా మారలేదు. అడాప్టర్లు బాగానే ఉన్నాయి, వాటి దారిలో ఉన్న ఫిల్టరే చిక్కు. రిజిస్ట్రీలో ఒక నమోదు తీసేసి, ‘నెట్‌సీఎఫ్‌జీ’ ఆదేశంతో ఆ ఫిల్టర్‌ను తొలగించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ వారాల్లో వైఫై కార్డు కాలిపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు ఎందరో.

కాపలా కాయాల్సిన సాఫ్ట్‌వేరే ఫైలును మింగేసిన సందర్భం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్‌కు 5958 అనే అప్‌డేట్ వెళ్లింది. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3లోని ఎస్‌వీసీహోస్ట్ అనే సొంత ఫైలును అది వైరస్‌గా పొరబడింది. మెషీన్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యాయి, నెట్‌వర్క్ పోయింది. కాబట్టి సరిచేసే ఫైలును నెట్ ద్వారా పంపడమే కుదరలేదు. ఒక్కో మెషీన్ దగ్గరికి మనిషి వెళ్లాల్సి వచ్చింది. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ విషయంలో దీనికి తిరగేసిన బొమ్మ చూశాం. అక్కడ ఫైలు లేకపోవడం కాదు, ఉండటమే ముప్పయింది. సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలును చెరపడమే మందు. ఎయిర్‌పోర్టుల్లోనూ కంప్యూటర్లు ఆగిపోవడంతో హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటోను ఆ రోజు దేశమంతా చూసింది.

ఏ వరసలో చేయాలి

పెట్టె కనిపించగానే ఫోన్‌తో ఫొటో తీయండి. ఫైలు పేరు పూర్తిగా, పెట్టె పైన ఉన్న ప్రోగ్రామ్ పేరుతో సహా పడాలి. చాలాసార్లు ఆ పై పేరే సగం జవాబు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాను తేదీల వారీగా పేర్చి, గొడవ మొదలైన నాటి ముందురోజుల్లో ఏం వచ్చాయో చూడండి.

పెట్టెలో ‘రన్‌డీఎల్‌ఎల్’ అని ఉండి, విండోస్ మొదలైనప్పుడు మాత్రమే కనిపించి ఊరుకుంటే పెద్దగా భయపడక్కర్లేదు. ప్రోగ్రామ్ పోయింది, దాన్ని పొద్దున్నే లేపమని రాసిపెట్టిన చీటీ మిగిలింది, అంతే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే టూల్‌లో ఫైలు దొరకని నమోదులు పసుపు రంగులో కనిపిస్తాయి. పెట్టెలో పేరు కనిపించిన ఆ ఒక్క నమోదు టిక్ తీసేస్తే చాలు. పసుపు కనబడిందల్లా చెరపకండి.

ప్రోగ్రామ్ మీకు అవసరమే అనుకుంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, తయారీదారు సైటు నుంచి తాజా వెర్షన్ తెచ్చి అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఇన్‌స్టాల్ చేయండి. ఆ రీస్టార్ట్ తప్పనిసరి. నెట్‌వర్క్ డ్రైవర్లు నడుస్తుండగా పూర్తిగా తొలగవు, తర్వాతిసారి మెషీన్ లేచేటప్పుడే ఆ పని ముగుస్తుంది. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ కూడా ఒకసారి తెరిచి చూడండి. ఆ ఫైలును యాంటీవైరస్ పట్టి లోపలేసి ఉండవచ్చు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇది తరచుగా జరుగుతుంది. అక్కడ యాంటీవైరస్ మీద నింద వేయడం న్యాయం కాదు.

ప్రోగ్రామ్ అక్కర్లేదు, కానీ అన్‌ఇన్‌స్టాల్ కూడా కావడం లేదు. ఇదే అన్నిటికన్నా విసుగు పుట్టించే స్థితి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న ఫోల్డర్‌ను నేరుగా డిలీట్ చేసినవాళ్లందరూ ఇక్కడికే చేరతారు. అప్పుడు పనికొచ్చే ఉపాయం: అదే వెర్షన్‌ను దాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పోయిన ఫైళ్లన్నీ తిరిగొస్తాయి, అన్‌ఇన్‌స్టాలర్‌తో సహా. రీస్టార్ట్ చేసి, ఇప్పుడు పద్ధతిగా తీసేయండి. కొన్ని వీపీఎన్, యాంటీవైరస్ కంపెనీలు మిగుళ్లను తుడవడానికి విడిగా టూల్ ఇస్తాయి. ఉంటే అదే వాడాలి. ఈ పని సేఫ్ మోడ్‌లో చేయబోతే చాలా అన్‌ఇన్‌స్టాలర్లు మొరాయిస్తాయి. విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మామూలుగా సేఫ్ మోడ్‌లో నడవదు. దానికి బదులు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచి, మిగతావాటిని ఆపి మెషీన్ లేపితే పని సాగుతుంది.

ఇంటర్నెట్టే పోయిందంటే ముందు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టి చూడండి. అది విడి అడాప్టర్‌గా వస్తుంది కాబట్టి చాలాసార్లు తాత్కాలికంగా నెట్ దొరుకుతుంది. తర్వాత నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీలో మీ వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరవండి. ఆ కనెక్షన్ వాడుకునే భాగాల జాబితా ఒకటి ఉంటుంది. తీసేసిన సాఫ్ట్‌వేర్ పేరు ఇంకా అక్కడ కనిపిస్తే టిక్ తీసి చూడండి. పాత తూము ఇంకా నిలబడి ఉందనడానికి అదే రుజువు. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపించమంటే, పోయిన వీపీఎన్‌ల ఉత్తుత్తి అడాప్టర్లు మసక రంగులో వరసగా బయటపడతాయి. వాటిని తొలగించవచ్చు. ఇంకా కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయాలి. ఆఖరి అస్త్రం సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ రీసెట్. అది అడాప్టర్లన్నిటినీ తీసేసి మళ్లీ పెడుతుంది. వైఫై పాస్‌వర్డ్‌లు మళ్లీ కొట్టాలి, వీపీఎన్‌లు మళ్లీ అమర్చాలి. రాసి పెట్టుకున్నాకే నొక్కండి.

ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే ఆదేశాన్ని ప్రతి సమస్యకూ మందుగా చెప్పేస్తుంటారు. అది విండోస్ సొంత ఫైళ్లను మాత్రమే సరిచూస్తుంది. మూడో మనిషి తెచ్చిన డబ్ల్యూపీక్యాప్ గురించి దానికేమీ తెలియదు. పోయింది విండోస్ ఫైలే అనే అనుమానం బలంగా ఉంటే ముందు డిస్మ్ అనే ఆదేశాన్ని రీస్టోర్ హెల్త్ ఎంపికతో నడిపి, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ నడపాలి. ఎస్‌ఎఫ్‌సీ తన దగ్గరున్న నిల్వ నుంచి ఫైళ్లు తెచ్చి పెడుతుంది. ఆ నిల్వే చెడిపోతే దాన్ని బాగుచేసేది డిస్మ్. డిస్మ్‌కు మామూలుగా ఇంటర్నెట్ కావాలి. నెట్ లేని మెషీన్‌లో అదే వెర్షన్ విండోస్‌ను ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైలును ఆధారంగా చూపించాలి. సరిచేసిన ఫైలు వారానికే మళ్లీ చెడితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు. హార్డ్ డిస్క్‌ను పరీక్షించండి, అంతకన్నా ముందు బ్యాకప్ తీయండి.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి. ఫొటో తీసి ఐటీ హెల్ప్‌డెస్క్‌కు పంపండి. అందులోని వీపీఎన్, సర్టిఫికెట్లు, భద్రతా ఏజెంట్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఇంట్లో విప్పిన ముడిని ఆఫీసువాళ్లు దూరం నుంచి మళ్లీ వేయలేకపోవచ్చు.

ఉచిత ఫైలు ఖరీదు

డీఎల్‌ఎల్‌లు పంచే సైట్ల గురించి మెత్తగా చెప్పలేను. డీఎల్‌ఎల్ అంటే బొమ్మ కాదు, పాట కాదు. నడిచే కోడ్. దాన్ని పిలిచే ప్రోగ్రామ్‌కు ఏ అధికారాలు ఉంటాయో వచ్చిన కోడ్‌కూ అవే దక్కుతాయి. వీపీఎన్ లాంటి ప్రోగ్రామ్ పిలిస్తే మీ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లావాదేవీలు వెళ్లే దారి పక్కనే అది కూర్చుంటుంది. ఆ ఫైలు మంచిదే అయినా వెర్షన్ ఏదో తెలియదు, తర్వాత వచ్చే భద్రతా సవరణలు దానికి అందవు. సిస్టమ్32లో పెట్టిన పాత కాపీ, రేపు మీరు వేసుకునే వేరే ప్రోగ్రామును కూడా చెడగొట్టగలదు. తెచ్చిన ఫైలును రెగ్‌ఎస్‌వీఆర్32తో నమోదు చేస్తే చాలని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ ఆదేశం కామ్ అనే ఒక తరహా డీఎల్‌ఎల్‌లకే వర్తిస్తుంది. వీసీరన్‌టైమ్ మీద ప్రయోగిస్తే నమోదు చేసే దారి దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. ఇంకో జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్‌లో ఫైళ్లు పోయాయి, ఈ రిమోట్ యాప్ వేసుకోండి అని ఫోన్ వస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ తనంతట తాను ఫోన్ చేయదు.

తప్పంతా వాడేవాళ్ల మీద నెట్టడం నాకు ఇష్టం లేదు. కెర్నెల్‌లోకి చొచ్చుకొచ్చే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు, వెళ్లేటప్పుడు తాము తెచ్చినవన్నీ తీసుకుపోయే బాధ్యత ఉంది. వేసే దారిని రోజుల తరబడి పరీక్షించి, తీసే దారిని గాలికొదిలేసే అలవాటు ఈ పరిశ్రమలో పాతది. ప్రపంచం వాడే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో కొంత హైదరాబాద్‌లోనే రాస్తున్నారు, ఇక్కడే పరీక్షిస్తున్నారు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో టెస్టింగ్ చేసే పిల్లలు ఇది చదువుతుంటే ఒక మాట. అన్‌ఇన్‌స్టాల్ చేశాక మెషీన్ మునుపటిలా ఉందా అన్నది మీ పరీక్షల జాబితాలో మొదటి పేజీలో ఉండాలి. ఇంటర్నెట్ సెంటర్లు, చిన్న ఆఫీసులు, కాలేజీ ల్యాబులు నడిపేవాళ్లు కూడా కొత్త నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను అన్ని మెషీన్లలో ఒకేసారి వేయకుండా, ఒక్కదాంట్లో వేసి, తీసి, చూసి, ఆ తర్వాతే మిగతావాటి జోలికి పోవాలి. వేసే ముందు రీస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. చాలా విండోస్ 10, 11 మెషీన్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపేసి ఉంటుంది, ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి.

అన్నీ చేసినా దారికి రాకపోతే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మీ ఊళ్లోనో షాపుకు వెళ్లక తప్పకపోతే, ఫార్మాట్ కన్నా ముందు ఇంకో మెట్టు ఉందని గుర్తుపెట్టుకోండి. విండోస్ నడుస్తూ ఉండగానే ఐఎస్‌ఓ నుంచి సెటప్ నడిపి, ఫైళ్లు, యాప్‌లు ఉంచు అనే ఎంపికతో విండోస్‌ను దాని మీదే మళ్లీ వేయవచ్చు. ఫొటోలు, డేటా చెక్కుచెదరవు, సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తగా వస్తాయి. గంటో రెండు గంటలో పడుతుంది కాబట్టి బిజీగా ఉన్న షాపు తనంతట తాను ఆ మాట ఎత్తకపోవచ్చు. మీరే అడగండి. అప్పటికీ డేటాను బయటి డిస్క్‌లోకి కాపీ చేయించాకే చేయి వేయనివ్వండి.

ఇంకొకటి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రిపేర్ కోసం రికవరీ మోడ్‌లోకి వెళ్లగానే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే షాపువాళ్లు కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా ఆ డిస్క్ తెరవలేదు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయితే డివైస్‌ల పేజీలో ఆ కీ కనిపిస్తుంది. మెషీన్ బాగున్న ఈరోజే దాన్ని చూసి, ఓ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.